డంప్ స్టేషన్ దగ్గర పావుగంట: ఆర్వీ ప్రయాణికులకు సమగ్ర మార్గదర్శి

జులై నెలలో ఆదివారం ఉదయం పదకొండు గంటలంటే అమెరికా నేషనల్ పార్కుల్లో క్యాంప్‌గ్రౌండ్లు ఖాళీ చేసే వేళ. బండి నిలుపుకునే సైట్లు రెండు మూడు వందలున్న చోట నుంచి ఆర్వీలన్నీ, అంటే లోపలే పడకా వంటగదీ టాయ్‌లెట్టూ ఉండే బళ్ళన్నీ, ఒకేసారి బయల్దేరతాయి. అందరికీ పని ఒకటే, మురుగు ట్యాంకులు ఖాళీ చేసుకుని రోడ్డెక్కడం. ఆ ట్యాంకులు ఖాళీ చేసే చోటైన డంప్ స్టేషన్‌లో లేన్లు మాత్రం ఒకటో రెండో ఉంటాయి. ముందున్న బండి వాళ్ళు గ్లవ్స్ ఎక్కడ పెట్టారో వెతుక్కుంటుంటారు, వెనకాల ఎనిమిది బళ్ళు ఎండలో నిలబడి ఉంటాయి, వాటిలో పిల్లలు ఏడుస్తుంటారు, ఎవరో ఒకరికి సాయంత్రం ఫ్లైట్ ఉంటుంది.

ఈ చిరాకుకి అసలు కారణం ట్యాంకులు ఖాళీ చేయడం కాదు. ఆ పని తెలిసినవాళ్ళకి పది, పదిహేను నిమిషాలే పడుతుంది. సైటు దగ్గరే పూర్తిచేసుకోవాల్సిన పనులూ, ఇంకెక్కడైనా చేసుకోదగ్గ పనులూ తెచ్చి ఆ లేన్‌లో పెట్టుకోవడం వల్లే పావుగంట కాస్తా ముప్పావుగంట అవుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో సగం డంప్ స్టేషన్‌కి వెళ్ళకముందు చేయాల్సిన వాటి గురించే ఉంటుంది.

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆర్వీ అద్దెకి తీసుకుని ఎల్లోస్టోన్ వైపో, గ్రాండ్ కాన్యన్ వైపో వెళ్ళే తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలా కనిపిస్తున్నాయి. ముఖ్యంగా వాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి మెట్టు: బండి తీసుకునే రోజే మురుగు సంగతి నేర్చుకోండి

ఆర్వీలో ట్యాంకులు మూడు. ఒకటి వాడుకునే మంచినీళ్ళది. రెండోది గ్రే ట్యాంకు, సింకు నీళ్ళూ షవర్ నీళ్ళూ అందులో చేరతాయి. మూడోది టాయ్‌లెట్ కింద ఉండే బ్లాక్ ట్యాంకు. అద్దె బళ్ళలో బ్లాక్ ట్యాంకు సాధారణంగా 25 నుంచి 40 గ్యాలన్లు పడుతుంది. 30 గ్యాలన్లంటే సుమారు 113 లీటర్లు, బరువు వంద కిలోల పైమాటే.

గ్రే, బ్లాక్ రెండిటికీ చాలా బళ్ళలో బయటికి దారి ఒకటే ఉంటుంది. అది 3 అంగుళాల పైపు, దానికి మెలితిప్పి బిగించే మూత. ఆ పైపు దాదాపు ఎప్పుడూ బండికి ఎడమ పక్కనే, అంటే అమెరికాలో డ్రైవర్ కూర్చునే వైపే ఉంటుంది. పక్కనే లాగే పిడులు రెండు కనిపిస్తాయి, ఒక్కో ట్యాంకు వాల్వ్‌కి ఒక్కోటి. ఏది దేనిదో పిడి రంగునో, పక్కన అంటించిన చీటీనో చూసి తెలుసుకోవచ్చు. లావుపాటి పైపు మీద ఉన్నది బ్లాక్ వాల్వ్, సన్న పైపు మీదది గ్రే వాల్వ్.

అద్దె సంస్థ మనిషి ఇదంతా రెండు నిమిషాల్లో గబగబా చెప్పేస్తాడు. ఆ సమయంలో ఫోన్ తీసి వీడియో పెట్టండి. మురుగు గొట్టం ఎక్కడుంది, ఆ అర తలుపుకి తాళం ఉందా, గ్లవ్స్ ఇస్తారా, గొట్టం చివర నేలలోని రంధ్రంలో అమరే మోచేయి ముక్క ఉందా, ఇవన్నీ అడగండి. గొట్టాన్ని బయటికి తీసి చూపించమనండి. చిల్లులేమైనా ఉంటే అక్కడే మార్పించుకోవడం తేలిక. ఒక పెట్టె డిస్పోజబుల్ నైట్రైల్ గ్లవ్స్ మీరే కొనుక్కోండి, పెద్ద ఖర్చేమీ కాదు. మోచేయి ముక్క పారదర్శకంగా ఉండేది దొరికితే ఇంకా మంచిది. లోపల నుంచి వచ్చే నీళ్ళు ఎప్పుడు తేటపడ్డాయో కళ్ళకి కనిపిస్తుంది, ఊహించుకుంటూ నిలబడక్కర్లేదు.

రెండో మెట్టు: బండిలో ఇంటి అలవాట్లు

టాయ్‌లెట్‌లో నీళ్ళు వాడే మన అలవాటు ఆర్వీకి మేలే చేస్తుంది. బ్లాక్ ట్యాంకులో నీళ్ళు తక్కువై కాగితం ఎక్కువైతే అంతా అడుగున గట్టిపడి కుప్పగా పేరుకుంటుంది, వాల్వ్ తెరిచినా కదలదు. నీళ్ళు ధారాళంగా ఉంటే అంతా ఒక్క ఊపున కొట్టుకుపోతుంది. కాకపోతే ట్యాంకు త్వరగా నిండుతుంది. కాగితం మాత్రమే వాడే నలుగురికి మూడు నాలుగు రోజులు వచ్చే ట్యాంకు, నీళ్ళు వాడే ఆరుగురికి రెండు రోజులు కూడా రాకపోవచ్చు. పార్కు లోపల ఉన్న టాయ్‌లెట్లు పగటిపూట వాడుకుంటే ఆ లెక్క మారుతుంది. మీ ప్రయాణం ప్రణాళిక ఈ లెక్కతోనే వేసుకోండి, అద్దె సంస్థ చెప్పే లెక్కతో కాదు.

తడి వైప్స్ మాత్రం ఏ పరిస్థితిలోనూ లోపల వేయకూడదు. పొట్లం మీద ఫ్లష్ చేయవచ్చని రాసి ఉన్నా సరే. అవి కరగవు, వాల్వ్‌కి అడ్డంపడతాయి, డంప్ స్టేషన్ గొట్టాలను కూడా మూసేస్తాయి. టాయ్‌లెట్ పేపర్ కరుగుతుందో లేదో తేలిగ్గా తేల్చుకోవచ్చు. నాలుగు ముక్కలు నీళ్ళ సీసాలో వేసి బాగా ఊపండి. పొడిపొడిగా విడిపోతే పనికొస్తుంది, ముక్కలుగానే తేలితే వద్దు.

గ్రే ట్యాంకు సంగతికొస్తే, మన వంటే దానికి పెద్ద పరీక్ష. అన్నం మెతుకులు, పప్పు, తాలింపులో ఆవాలు, కరివేపాకు, నూనె జిడ్డు అన్నీ సింకులోంచి ట్యాంకులోకే వెళ్తాయి. గంజి పోస్తే రెండో రోజుకల్లా పులిసి బండంతా కంపు కొడుతుంది, బ్లాక్ ట్యాంకు పొంగిందేమోనని అందరూ కంగారుపడతారు. కాబట్టి గిన్నెలు కడిగేముందు పేపర్ టవల్‌తో శుభ్రంగా తుడిచి ఆ కాగితం చెత్తబుట్టలో వేయండి. సింకు రంధ్రం మీద సన్నకళ్ళ జల్లెడ మూత పెట్టండి. వేయించిన నూనె ఒక ఖాళీ సీసాలో పట్టి పారేయండి. ఈ కాస్త జాగ్రత్త పడితే డంప్ స్టేషన్ దగ్గర గ్రే నీళ్ళు గొట్టాన్ని కడిగిపెడతాయి. పడకపోతే అవే మరింత జిడ్డు చేస్తాయి.

అత్తగారికీ, మామగారికీ, నాన్నగారికీ బండెక్కిన రోజే టాయ్‌లెట్ పెడల్ ఎలా తొక్కాలో, లోపల ఏం వేయకూడదో ఓపిగ్గా చూపించండి. మొహమాటపడి వదిలేస్తే తర్వాత ఇబ్బందిపడేది వాళ్ళే. ట్యాంకు ఖాళీ చేసే పని కొడుకో కోడలో తమ చేతులతో చేయడం చూసి కొందరు పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. ఇక్కడ అందరూ ఎవరిది వాళ్ళే చేసుకుంటారనీ, గ్లవ్స్ వేసుకుని సబ్బుతో కడుక్కుంటే ఇందులో ఏ దోషమూ లేదనీ ముందే చెప్పి ఉంచితే వాళ్ళూ కుదుటపడతారు.

మూడో మెట్టు: ఎక్కడ, ఎప్పుడు

ముందుగా మీరు వెళ్ళే చోట ఏముందో తెలుసుకోండి. యోసెమిటీ పార్కు లోపలి క్యాంప్‌గ్రౌండ్లలో ఎక్కడా హుక్అప్స్ లేవు, అంటే సైటు దగ్గర కరెంటూ నీళ్ళూ మురుగు కనెక్షనూ ఉండవు. లోయలో అప్పర్ పైన్స్ దగ్గర డంప్ స్టేషన్ ఏడాది పొడవునా ఉంటుంది. వవోనాలో, ట్యువాలమీ మెడోస్‌లో వేసవిలో మాత్రమే. ఎల్లోస్టోన్‌లో సైటు దగ్గరే మురుగు కనెక్షన్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. మాడిసన్, కాన్యన్, గ్రాంట్ విలేజ్, బ్రిడ్జ్ బేలలో ఉండేవాళ్ళు డంప్ స్టేషన్లకి వెళ్ళాల్సిందే. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో ట్రైలర్ విలేజ్‌కి అన్ని హుక్అప్స్ ఉన్నాయి, పక్కనే ఉన్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌కి లేవు. చలి ప్రాంతాల్లో పైపులు గడ్డకట్టే రోజుల్లో డంప్ స్టేషన్లు మూసేస్తారు కాబట్టి మే మొదట్లో, అక్టోబర్‌లో వెళ్ళేవాళ్ళు పార్కు వెబ్‌సైట్ చూసుకునే బయల్దేరాలి.

మురుగు కనెక్షన్ ఉన్న సైటు దొరికితే క్యూ బాధే లేదు. అక్కడ కూడా బ్లాక్ వాల్వ్ మూసే ఉంచాలి. తెరిచి వదిలేస్తే నీళ్ళు పోయి గట్టిది మిగులుతుంది. ట్యాంకు మూడింట రెండు వంతులు నిండాక తెరవడం సరైన పద్ధతి.

రద్దీ ఎప్పుడుంటుందో చెప్పడం కష్టం కాదు. ఆదివారం ఉదయం పది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా, మెమోరియల్ డే, జులై నాలుగు, లేబర్ డే వారాంతాల చివరి రోజు. క్యాంప్‌గ్రౌండ్లు ఎక్కువగా పదకొండు, పన్నెండు గంటలకి ఖాళీ చేయమంటాయి, అందరూ ఆ గంట ముందే కదులుతారు. అంతకన్నా మంచి వేళ ముందురోజు సాయంత్రం. భోజనాలకి ముందు బండి తీసుకెళ్ళి ఖాళీ చేసుకొస్తే మర్నాటికి ట్యాంకులో ఒక రాత్రి వాడుకే మిగులుతుంది, దాంతో హాయిగా తర్వాతి ఊరి దాకా వెళ్ళిపోవచ్చు. లేదంటే ఉదయం ఏడున్నరకే కదలండి. పిల్లలు నిద్రలేవరని చాలామంది వెనకాడతారు. వాళ్ళను సీట్లలో కూర్చోబెట్టి బెల్టులు పెట్టేస్తే డంప్ స్టేషన్ అయ్యాక టిఫిన్ పెట్టొచ్చు.

వెళ్ళేసరికే క్యూ పెద్దదిగా ఉంటే ఒక్క నిమిషం ఆగి లెక్క వేయండి. ఒక లేన్, ముందు ఆరు బళ్ళు, ఒక్కోదానికి పదిహేను నిమిషాలు చొప్పున గంటన్నర. ట్యాంకు పొంగే స్థితిలో లేకపోతే ఆ గంటన్నర అక్కడ గడపడం అనవసరం. హైవే మీద పైలట్ ఫ్లయింగ్ జె, లవ్స్ ట్రక్ స్టాపుల్లో కొన్నింట్లో డంప్ సౌకర్యం ఉంది, డబ్బు తీసుకుంటారు. ప్రైవేటు ఆర్వీ పార్కులు, కెఓఏ లాంటివి కొన్ని, అక్కడ బస చేయనివాళ్ళకి కూడా రుసుము తీసుకుని అనుమతిస్తాయి, ముందు ఫోన్ చేసి అడగాలి. వాషింగ్టన్, అయోవా లాంటి రాష్ట్రాల్లో హైవే రెస్ట్ ఏరియాల్లోనే కొన్నిచోట్ల డంప్ స్టేషన్లున్నాయి. శానీడంప్స్, ఐఓవర్‌ల్యాండర్ లాంటి వెబ్‌సైట్లలో, యాప్‌లలో దగ్గర్లో ఏమున్నాయో వెతకొచ్చు. పది, పదిహేను డాలర్లు పోయినా ఆదివారం మధ్యాహ్నపు ఎండలో గంటన్నర మిగిలిందంటే నా దృష్టిలో అది లాభమే.

ఒక దారి మాత్రం అసలు లేదనుకోండి. క్యూ పెద్దదిగా ఉందని గ్రే నీళ్ళు రోడ్డు పక్కన వదిలేయడం. సబ్బు నీళ్ళే కదా అనుకోవద్దు. నేషనల్ పార్కుల్లో బండిలోని మురుగును కేటాయించిన చోట తప్ప ఎక్కడ వదిలినా నేరమే. ఆహారపు వాసన నేలకి పడితే ఎలుగుబంట్లు కూడా ఆ వైపు వస్తాయి.

నాలుగో మెట్టు: సైటు వదలకముందే

ఇక్కడ పెట్టే ఇరవై నిమిషాలు లేన్‌లో అరగంటను ఆదా చేస్తాయి.

చెత్త అంతా క్యాంప్‌గ్రౌండ్ డబ్బాల్లో పడేయండి. గిన్నెలు కడగడం, స్నానాలు ముగించండి, గ్రే ట్యాంకు నిండుతుంది కదా, తర్వాత గొట్టం కడగడానికి ఆ నీళ్ళే కావాలి. బ్లాక్ ట్యాంకు సగం కన్నా తక్కువగా ఉంటే టాయ్‌లెట్ పెడల్ తొక్కిపట్టి కొన్ని నీళ్ళు వదలండి. తర్వాత బండి కదిలి డంప్ స్టేషన్ దాకా వెళ్ళే దారిలో కుదుపులకి అదంతా కలిసిపోతుంది.

గొట్టం, మోచేయి ముక్క, గ్లవ్స్ అన్నీ అరలో పైపైన, తలుపు తీయగానే అందేలా పెట్టండి. చేతులు కడుక్కోవడానికి ఒక క్యాన్‌లో నీళ్ళు, సబ్బు బయట అందుబాటులో ఉంచండి. ఎవరు ఏం చేస్తారో అప్పుడే మాట్లాడుకోండి. ఒకరు గొట్టం పని, ఒకరు కుళాయి పని, మిగతావాళ్ళందరూ బండిలోనే. తప్పుడు వైపు నుంచి లేన్‌లోకి దూరితే వెనక్కి రావడానికి దారి ఉండదు. డ్రైనేజీ రంధ్రం మీ ఎడమ చేతి వైపు వచ్చేలా ఏ దారిలో ప్రవేశించాలో ఒకరు నడిచి వెళ్ళి చూసి రావడం మంచిది.

అయిదో మెట్టు: క్యూలో

రోడ్డుకి అడ్డంగా బండి నిలపకండి, క్యాంప్‌గ్రౌండ్ లోపలికి వచ్చేవాళ్ళు ఇరుక్కుంటారు. ముందు బండికీ మీకూ మధ్య ఒక బండి పొడవు ఖాళీ వదలండి, వాళ్ళు అవసరమైతే సర్దుకోవడానికి వీలుంటుంది. జనరేటర్ ఆపండి, పక్కవాళ్ళ కిటికీల్లోకి పొగ పోతుంది. లేన్లు రెండుండి క్యూ ఒకటే కనిపిస్తే ఎవరి వెనక ఎవరో అడిగి తెలుసుకోండి. ఖాళీగా కనిపించిన లేన్‌లోకి పక్కనుంచి దూరిపోతే అందరూ మీ వైపే చూస్తారు, ఆ చూపులకి కారణం ఉంది.

హారన్ మాత్రం కొట్టకండి. హైదరాబాద్ రోడ్ల మీద హారన్ అంటే నేను వస్తున్నానని చెప్పడమే, ఎవరూ పట్టించుకోరు. అమెరికాలో అది నేరుగా మొహం మీద తిట్టినట్టే. ఒక్క హారన్‌తో ఆ ఉదయమంతా చేదైపోతుంది.

ఆరో మెట్టు: మీ వంతు

క్రమం ఇది. మార్చకండి.

1. బండి పైపు నేలలోని డ్రైనేజీ రంధ్రానికి ఎదురుగా వచ్చేలా నిలిపి, పార్కింగ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపండి. గ్లవ్స్ వేసుకోండి.

2. ముందు గొట్టం నేల వైపు చివర రంధ్రంలో దించండి. మోచేయి ముక్కని మెలితిప్పి బిగించే వీలుంటే బిగించండి, లేకపోతే దాని మీద కాలు పెట్టి ఉంచండి, లేదా మూత బరువుతో ఆపండి. ఈ చివర ఎగిరి బయటపడితే జరిగేది ఏమిటో చెప్పక్కర్లేదు.

3. రెండు వాల్వులూ పూర్తిగా లోపలికి నెట్టి ఉన్నాయో లేదో చేత్తో నెట్టి మరీ చూడండి. తర్వాతే బండి పైపు మూత తీయాలి. మూత తీసేటప్పుడు పక్కకి నిలబడి, నెమ్మదిగా తిప్పండి. కాస్త కారడం మామూలే. ధారగా వస్తే మూత మళ్ళీ బిగించేయండి, ఏదో వాల్వ్ సరిగా మూసుకోలేదని అర్థం.

4. గొట్టాన్ని బండి పైపుకి మెలితిప్పి బిగించండి, లాగి చూడండి. కొక్కేలన్నీ పట్టుకోవాలి. ఒక్కటే పట్టుకుంటే ఒత్తిడికి ఊడిపోతుంది.

5. బ్లాక్ వాల్వ్ పూర్తిగా లాగండి. చప్పుడు పెద్దగా మొదలై, సన్నబడి, ఆగిపోతుంది. రెండు మూడు నిమిషాల పని. తర్వాత మూసేయండి.

6. ఇప్పుడు గ్రే వాల్వ్ లాగండి. సబ్బు నీళ్ళు గొట్టంలో మిగిలినదాన్ని తోసుకుపోతాయి. బ్లాక్ ముందు, గ్రే తర్వాత అనే నియమం అందుకే. గ్రే అయ్యాక దాన్నీ మూసేయండి.

7. బండి వైపు చివర ముందు ఊడదీసి, గొట్టాన్ని ఎత్తి పట్టుకుని రంధ్రం వైపు నడుస్తూ లోపల ఉన్న నీళ్ళన్నీ దించండి. బండి పైపు మూత పెట్టేయండి. డంప్ స్టేషన్ రిన్స్ కుళాయి నీళ్ళు గొట్టం లోపల ఒకసారి పోయండి, చుట్టూ కాంక్రీటు మీద పడినవి కూడా రంధ్రంలోకి తోయండి. గొట్టం అరలో పెట్టి రంధ్రం మూత మూయండి.

8. గ్లవ్స్ లోపలి వైపు బయటికి వచ్చేలా తిప్పి తీసి చెత్తలో వేయండి, రంధ్రంలో కాదు. బండి ముందుకు తీసి, లేన్ వదిలి, అప్పుడు చేతులు సబ్బుతో కడుక్కోండి. శానిటైజర్ సరిపోదు. నోరోవైరస్ లాంటివాటిని అది సరిగా చంపలేదు.

ఇంతే. ట్యాంకు లోపలి గోడలు కడగడానికి కొన్ని బళ్ళలో వేరే ఫ్లష్ అమరిక ఉంటుంది. రద్దీగా ఉన్నప్పుడు దాని జోలికి పోకండి. లోపల లైట్ల ప్యానెల్‌లో బ్లాక్ ట్యాంకు ఇంకా మూడింట రెండు వంతులు చూపిస్తున్నా గాబరాపడకండి. సెన్సర్‌కి కాగితం ముక్క అతుక్కుంటే అది అబద్ధం చెబుతుంది, గొట్టంలో నీళ్ళు ఆగిపోయాయంటే ట్యాంకు ఖాళీ అయినట్టే. ఆ లైటు ఆర్పడం కోసం అరగంట నీళ్ళు పోసి వదులుతూ వెనకవాళ్ళని నిలబెట్టేవాళ్ళు చాలామంది. బండి అద్దాలు తుడవడం, లోపల ఊడ్చడం, మ్యాప్ చూసుకోవడం, భోజనం ఎక్కడా అని చర్చించుకోవడం, ఇవన్నీ లేన్ దాటి పక్కన ఆపుకున్నాకే.

మంచినీళ్ళ కుళాయి గురించి విడిగా

డంప్ స్టేషన్‌లో సాధారణంగా రెండు కుళాయిలుంటాయి. ఒకటి గొట్టం కడగడానికి, దాని మీద తాగకూడదని రాసి ఉంటుంది. రెండోది మంచినీళ్ళది, చాలాచోట్ల కాస్త దూరంగా ముందు ఉంటుంది. మంచినీళ్ళ కుళాయికి మురుగు గొట్టం తగిలించడం గానీ, దాని దగ్గర మురుగు గొట్టం కడగడం గానీ చేయకండి, అది తర్వాతి కుటుంబం తాగే నీళ్ళని పాడుచేయడమే. తాగే నీళ్ళ గొట్టం అచ్చంగా వేరే ఉండాలి, సాధారణంగా తెల్లదో నీలందో అమ్ముతారు. దాన్ని మురుగు గొట్టం పెట్టే అరలో ఎప్పుడూ పెట్టకండి.

మంచినీళ్ళు నింపుకోవడం సైటుకి వచ్చిన రోజు చేసుకోవడమే మేలు. డంప్ దగ్గరే నింపాల్సి వస్తే బండి ముందుకు తీసి, చేతులు కడుక్కుని, కుళాయి మూతిని ముందు తుడిచి, కాసేపు నీళ్ళు వదిలి, అప్పుడు గొట్టం తగిలించండి.

ఏడో మెట్టు: ఆలస్యమైనప్పుడు, కోపమొచ్చినప్పుడు

ముందున్నవాళ్ళు తడబడుతుంటే మొదట వాళ్ళు కొత్తవాళ్ళేమో గమనించండి. గొట్టం ఏ చివర ఎటో తిప్పి చూసుకుంటున్నారా, ఫోన్‌లో వీడియో చూస్తున్నారా, అయితే కొత్తే. వాళ్ళ గొట్టాన్ని పట్టుకోకండి, దూరంగా నిలబడి మొదటిసారా, ఏమైనా సాయం కావాలా అని మాత్రం అడగండి. కావాలంటే రెండు ముక్కల్లో చెప్పండి. వద్దంటే వెనక్కి వచ్చేయండి, రెండోసారి అడగకండి. ఇలా అడిగిన ప్రతిసారీ క్యూ త్వరగా కదిలిందని నా అనుభవం. భయపడుతూ చేసే మనిషి చేతులు నెమ్మదిస్తాయి, పక్కన ఒక మాట దొరికితే వేగం పెరుగుతుంది.

ముందున్నవాళ్ళు పని అయిపోయాక అక్కడే బండి కడుక్కుంటూనో, ట్యాంకు మూడోసారి నింపి వదులుతూనో ఉంటే అది వేరే సంగతి. నడిచి వెళ్ళి, వెనక ఎంతమంది ఉన్నారో చూపించి, పూర్తయితే కాస్త ముందుకు తీస్తారా అని మర్యాదగా అడగొచ్చు. చాలామంది సరేనంటారు, వెనక ఇంత క్యూ ఉందన్న ధ్యాసే వాళ్ళకి ఉండదు. ఒకరిద్దరు విసుక్కుంటారు. అప్పుడు వాదన పెట్టుకోకండి. అక్కడ నెగ్గినా మీ వంతు ఐదు నిమిషాలు ముందు రాదు, పిల్లల ముందు గొడవ మాత్రం జరిగిపోతుంది. క్యాంప్‌గ్రౌండ్ హోస్ట్ అని సైట్లు చూసుకునేవాళ్ళుంటారు, వాళ్ళకి చెప్పడం మేలు. చాలాచోట్ల ఆ పని స్వచ్ఛందంగా చేసేవాళ్ళే, కాబట్టి వాళ్ళతోనూ మెత్తగానే మాట్లాడండి.

వెనకవాళ్ళు మిమ్మల్ని తొందరపెడుతుంటే ఏం చేయాలో కూడా తెలిసుండాలి. పైన చెప్పిన ఎనిమిది పనుల్లో ఒక్కటి కూడా దాటేయకండి. చెయ్యెత్తి ఒక్క నిమిషం అని సైగ చేసి, అదే వేగంతో కానివ్వండి. తొందరలో వాటిలో మూడోది, అంటే వాల్వులు మూసి ఉన్నాయో లేదో చూడడం, మరిచిపోవడం వల్లే చాలా ప్రమాదాలు జరుగుతాయి. వాల్వ్ ఇరుక్కుపోయినా, ఏమీ బయటికి రాకపోయినా, ఐదు నిమిషాల్లో తేలకపోతే మూతలు పెట్టేసి లేన్ వదిలేయండి. ముందు పక్కన ఆపుకుని అద్దె సంస్థకి ఫోన్ చేయండి, బ్లాక్ ట్యాంకులోకి నీళ్ళు పోసి కాసేపు బండి నడిపి మళ్ళీ రండి. లేన్‌లో నిలబడి మరమ్మతు చేయడం ఎవరికీ మంచిది కాదు.

చిందితే

చిందుతుంది, ఎవరికైనా. దాన్ని అక్కడే వదిలేసి పోకూడదు. రిన్స్ కుళాయి నీళ్ళతో రంధ్రం వైపుకే తోయండి, గడ్డి వైపు కాదు. కాంక్రీటు ఆ వైపే వాలుగా కట్టి ఉంటుంది కాబట్టి రెండు నిమిషాల్లో పోతుంది. ఎక్కువగా ఒలికి కాంక్రీటు దాటితే హోస్ట్‌కో రేంజర్‌కో చెప్పండి. మీ ముందువాళ్ళు వదిలిపోయిన మురికి కనిపిస్తే మీరే ఒకసారి నీళ్ళు పోయడం కూడా సబబే. ఎవరిదో నేనెందుకు కడగాలి అనిపిస్తుంది. కానీ అందులో నిలబడాల్సింది మీరు, మీ తర్వాత వచ్చే పిల్లలు.

ఇలాంటి మురికి, రంధ్రాల్లో వైప్సూ చెత్తా పడేయడం, పగిలిన మూతలు చూసి చూసి కొన్నిచోట్ల ఉచితంగా ఉన్న డంప్ స్టేషన్లు మూసేశారు, కొన్నిచోట్ల రుసుము పెట్టారు. ఫార్మాల్డిహైడ్ ఉన్న ట్యాంకు మందులు (వాసన రాకుండా బ్లాక్ ట్యాంకులో పోసేవి) వాడొద్దని కొన్ని పార్కులు బోర్డులు పెట్టడానికీ కారణముంది. చాలా క్యాంప్‌గ్రౌండ్ల మురుగు సెప్టిక్ ట్యాంకులకే వెళ్తుంది, అందులో మురుగును కుళ్ళించే సూక్ష్మజీవులను ఆ మందు చంపేస్తుంది. మందు కావాలంటే ఎంజైములతో పనిచేసేవి దొరుకుతాయి, సీసా మీద చూసి కొనండి.

చివరగా, బండి తిరిగి ఇచ్చే రోజు

అద్దె సంస్థలు చాలావరకు ట్యాంకులు ఖాళీ చేసి ఇవ్వాలంటాయి, లేకపోతే విడిగా డబ్బు వేస్తాయి. ఆ నగరంలో ఆ ఉదయం డంప్ స్టేషన్ వెతుక్కోవడం చాలామందికి ఫ్లైట్ దాకా సాగే ఆందోళన. దాన్ని తప్పించుకోవాలంటే చివరి రాత్రి ఆగే క్యాంప్‌గ్రౌండ్‌ని మురుగు కనెక్షన్ ఉన్న సైటు చూసి బుక్ చేసుకోండి, అద్దె సంస్థకి ఓ గంట దూరంలో. రాత్రంతా గ్రే, బ్లాక్ వాల్వులు మూసే ఉంచి ఉదయం స్నానాలయ్యాక ఒకదాని తర్వాత ఒకటి వదిలేస్తే క్యూ లేదు, ఎవరి తొందరా లేదు. అయ్యాక లోపలి ప్యానెల్ లైట్ల ఫొటో ఒకటి, మూత పెట్టి ఉన్న పైపు ఫొటో ఒకటి తీసుకోండి. డంప్ రుసుము కట్టి ఉంటే రసీదు కూడా దాచుకోండి. సెన్సర్ తప్పు చూపించినా కౌంటర్ దగ్గర మాట్లాడటానికి అవి పనికొస్తాయి.